తొమ్మిదో పేజీ నుంచి మొదలయ్యే పుస్తకం

ఆ పరంజా మేస్త్రీని కట్టుబడి పనివాళ్ళెవరూ మేస్త్రీ అనరు. రూల్సు బాబాయి అంటారు. అతనికంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే అంటారు. చొక్కా జేబులో చట్టం పెట్టుకు తిరిగేవాడు ఎవరికైనా బాబాయే అవుతాడు కాబోలు.

ఆ చట్టం అరచెయ్యంత పుస్తకం. అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలూ లేవు. తొమ్మిదో పేజీ ఒక వాక్యం నడుమ మొదలవుతుంది, అరవయ్యారో పేజీ ఇంకో వాక్యం నడుమ ఆగిపోతుంది. అతనికి పని నేర్పిన పెద్దమేస్త్రీ, ఇక కర్రలెక్కే ఓపిక లేదని కూలబడిన రోజున, దాన్ని సిమెంటు సంచి కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

"నాకు అక్షరం ముక్క రాదురా. పనిచేసేవాళ్ళ ప్రాణాలు కాపాడే చట్టం ఇదేనని చెప్పి నాకిచ్చారు. నువ్వు ఏడో తరగతి దాకా చదివావు కదా, నలుగురికీ చదివి పెట్టు."

పెద్దమేస్త్రీకి ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. పెద్దలిచ్చిన వస్తువు గురించి ఆరా తీయకూడదని బళ్ళో నేర్పారు. బడి నేర్పినవాటిలో అతనికి బాగా వంటబట్టింది అదే.

చదివి పెట్టమన్నారు కనుక పంతొమ్మిదేళ్ళుగా చదివి పెడుతూనే ఉన్నాడు. పొద్దున పనిలోకి దిగే ముందు తాపీవాళ్ళూ కూలీలూ ఒకచోట నిలబడతారు. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని, రోజుకో రూలు చదువుతాడు. కొందరు భక్తికొద్దీ చెప్పులు విడిచేవారు. పనిచోట చెప్పులు విడవరాదని ఇరవయ్యో పేజీలో ఉంది, కనుక మళ్ళీ తొడిగించి చదివేవాడు. అరవయ్యారో పేజీ అయ్యాక మర్నాడు తొమ్మిదో పేజీ.

దానివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. బరువు పైకి లేస్తున్నప్పుడు దాని కింద మనిషి నిలబడరాదు అని ఇరవై నాలుగో పేజీలో ఉంది. ఒకసారి ఇటుకల తొట్టి తాడు తెగి మూడో అంతస్తు నుంచి పడింది. కింద ఎవరూ లేరు. ఆ రోజు నుంచి ఇటుకలు మోసే ఆడవాళ్ళు పుస్తకాన్ని కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదు. కళ్ళకద్దుకునే చేతులకి సున్నం ఉంటోందని మాత్రం కాస్త బాధపడేవాడు.

పుస్తకంలో 'ఓడ' అన్న మాట పదకొండు చోట్ల ఉంది. వేరే చోట్ల ఓడలు కట్టే మేస్త్రీలు కూడా ఉంటారు కదా, వాళ్ళకోసం చేర్చి ఉంటారని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. "చట్టం అందరికీ చెప్తుందిరా. మనకు పనికొచ్చేది మనం ఏరుకోవాలి" అనేవాడు. నీటి ఒడ్డున పనిచేయు చోట తాడు కట్టిన తేలుడు చక్రము ఉంచవలెను అని ముప్పై ఒకటో పేజీలో ఉంది. అందుకని అతను పనిచేసిన ప్రతిచోటా, గోడలు తడపడానికి కట్టుకునే నీళ్ళ తొట్టి పక్కన, గాలి నింపిన లారీ ట్యూబు వేలాడుతూ ఉండేది. తొట్టి లోతు మోకాలి దాకా. పంతొమ్మిదేళ్ళలో అందులో ఎవరూ మునగలేదు. ట్యూబు మహిమేనని కొందరు నమ్మేవారు.

ఇంతలో గోరింక పడ్డాడు.

గోరింక అంటే బాబాయి బావమరిది. తాపీ పనిలో మంచి చెయ్యి, దానికంటే పెద్ద నోరు. నోట్లో నువ్వుగింజ నానదు. పరంజా మీద నిలబడి ప్లాస్టరింగ్ చేస్తూ, కింద వెళ్ళే ఎవరితోనో పెళ్ళి సంబంధం మాట్లాడుతూ, గోడ ఎలా వచ్చిందో చూసుకుందామని ఒకడుగు వెనక్కి వేశాడు. తాపీవాడికి అది అలవాటు. వెనక బల్ల లేదు. భుజం ఎముక విరిగింది. ఆరు వారాలు పని మానాలని డాక్టరు చెప్పాడు. ఎముక ఒకటే పోయి మనిషి మిగిలాడు, దేవుడి దయ.

మర్నాడు బాబాయి కాంట్రాక్టరు ముందు నిలబడ్డాడు. "పరంజాకి అడ్డుకర్రలు కట్టిస్తే పడేవాడు కాదు బాబూ. ఇక ముందు చెయ్యాల్సిన ఉత్తరం వైపు గోడకైనా కట్టించండి."

కాంట్రాక్టరు మంచివాడో చెడ్డవాడో తేల్చడం కష్టం. కర్రల దగ్గర మాత్రం పిసినారి. "మీ పుస్తకంలో ఏముంది బాబాయ్? నలభై రెండో పేజీ. మీరే చదివారుగా పోయిన నెల."

నలభై రెండో పేజీ బాబాయికి నోటికి వచ్చు. నడకబల్ల ఎత్తు పన్నెండు అడుగులకు మించని యెడల అడ్డు కట్టనవసరము లేదు.

"మీ బావమరిది పడింది పదకొండు అడుగుల నుంచి. నేనే టేపు పెట్టి కొలిపించాను. కాబట్టి చట్టప్రకారమే పడ్డాడు" అన్నాడు కాంట్రాక్టరు. అని, బాబాయి భుజం తట్టాడు. "ఎవరేమన్నా అనండి, చాలా మంచి పుస్తకం బాబాయ్ మీది."

పంతొమ్మిదేళ్ళలో ఏ కాంట్రాక్టరూ ఆ పుస్తకాన్ని మెచ్చుకోలేదు. తిట్టినవాళ్ళున్నారు, దాచేసినవాళ్ళున్నారు, ఒకాయన టీలో ముంచాడు కూడా. ఈ మెచ్చుకోలు బాబాయికి చెప్పులో రాయిలా పడింది. ఇంటికి వెళ్ళేదాకా గుచ్చుతూనే ఉంది.

ఇంట్లో గోరింక మంచం మీద కూర్చుని, చెయ్యి మెడకు వేలాడదీసుకుని, అక్క పెడుతున్నది తింటూ, తను ఎలా పడ్డాడో ఐదోసారి చెబుతున్నాడు. ప్రతిసారీ ఎత్తు రెండడుగులు పెరుగుతోంది.

"ఆరు వారాలు బావా. తర్వాత ఉత్తరం గోడ నాదే. ఇంకెవరికీ ఇవ్వొద్దని కాంట్రాక్టరుకి కబురు పెట్టా."

"అడ్డుకర్రలు లేకుండానా?" అంది అక్క.

"నీ మొగుడి పుస్తకంలో అక్కర్లేదని ఉందిగా అక్కా. మాకు పుస్తకం ఎంతో బావ అంత, బావ ఎంతో పుస్తకం అంత."

బాబాయి కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల తండ్రి జేబులోంచి పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పింది. "నాన్నా, దీని పేరేంటి?"

"చట్టం."

"ఏ చట్టం? ఎవరు వేశారు? ఎప్పుడు?"

బాబాయి పుస్తకం తీసుకుని తొమ్మిదో పేజీ తెరిచాడు. ఎనిమిది పేజీలు లేని సంగతి అతనికి తెలుసు. ఆ ఎనిమిది పేజీల్లో ఏదైనా ఉండి ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తీరిక దొరికేసరికి మూడో ఆదివారమైంది. ఆ రోజు తండ్రీ కూతుళ్ళు ఫోను ముందు కూర్చున్నారు. పరంజాకి ఎంత ఎత్తులో అడ్డు కట్టాలి అని అడిగితే జవాబులు బోలెడు వచ్చాయి. ఒకచోట ఆరడుగులు. ఇంకోచోట పది. మూడోచోట ఎత్తుతో పనిలేదు, దేవుణ్ణి తలచుకుని ఎక్కండి అని ఒకాయన వీడియోలో గట్టిగా అరిచాడు. నాలుగోది ఏ దేశానిదో రాయలేదు. ఐదోది మేడ మెట్లకి అందమైన రెయిలింగులు అమ్మే కొట్టు. ఫోనులో అడిగినదానికల్లా బదులు చెప్పే ఒక యంత్రం ఉంది. అది ఎంతో మర్యాదగా ఏడడుగులంది. నిజమేనా అని కూతురు మళ్ళీ అడిగితే, క్షమించండి, మీరన్నది సబబే, ఐదడుగులు అంది.

"మర్యాద బాగుందమ్మా" అన్నాడు బాబాయి. "కానీ ఇంకోసారి అడిగితే నేలమీదే కట్టమంటుందేమో."

"నాన్నా, వీటన్నిట్లో ఎవరూ ఇది ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పట్లేదు."

"మన పుస్తకమూ చెప్పదుగా" అన్నాడు బాబాయి.

సోమవారం సగంపూట సెలవు పెట్టి ఒక లాయరు దగ్గరికి వెళ్ళాడు. లాయరుగారి గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "పడింది మీరా?"

"కాదండీ. మా బావమరిది."

"కేసు వేస్తున్నాడా?"

"లేదండీ. మళ్ళీ ఎక్కుతానంటున్నాడు."

"మళ్ళీ పడ్డాక రండి" అన్నాడు గుమాస్తా. ఎగతాళిగా అనలేదు, వాళ్ళ పని పద్ధతి అది. పోతూ ఉంటే మాత్రం లేచి వచ్చి, కార్మికుల భద్రత చూసే సర్కారు ఆఫీసు ఏ వీధిలో ఉందో చీటీ మీద బొమ్మ గీసి ఇచ్చాడు. మనుషుల్లో మంచి ఎక్కడ పెట్టి ఉంచుతాడో ఆ పైవాడికే తెలియాలి.

ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్లకి ఒకవైపు గోడ, రెండోవైపు ఇనప పట్టీ. బాబాయి అలవాటుకొద్దీ పట్టీని కదిపి చూశాడు. కదిలింది. పైన బల్ల దగ్గర, రిటైరు కావడానికి దగ్గరపడిన ఒక గుమాస్తామ్మ ఫైళ్ళ మధ్య కూర్చుని ఉంది.

"అమ్మా, మీ మెట్ల పట్టీ ఊగుతోంది."

"తెలుసు బాబూ. రాసి పైకి పంపాం. నాలుగేళ్ళయింది. గోడవైపు నడవండి" అందామె. "ఇంతకీ ఏం పనిమీద వచ్చారు?"

బాబాయి పుస్తకం తీసి రెండు చేతులా అందించాడు. గోరింక పడిన సంగతి, పదకొండు అడుగులు, నలభై రెండో పేజీ, కాంట్రాక్టరు మెచ్చుకోలు, అన్నీ వరసగా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. ఆఫీసుల్లో అలా వినేవాళ్ళు దొరకడం అతనికి కొత్త. తర్వాత పేజీలు తిరగేసి, ఒకచోట ఆగి, కళ్ళజోడు తీసింది.

"మేస్త్రీగారూ, ఇది ఓడరేవు కూలీల నిబంధనల పుస్తకం."

బాబాయి పుస్తకం వంక వంగి చూశాడు.

"ఓడలో సరుకు ఎక్కించి దించేవాళ్ళ కోసం వేసింది. నలభై రెండో పేజీలో నడకబల్ల అంటే ఒడ్డు నుంచి ఓడలోకి వేసే బల్ల. కింద నీళ్ళుంటాయి, పడితే తడుస్తాడు. పైగా ఇది పాతది. వాళ్ళకి కూడా ఇప్పుడు వేరే పుస్తకం వచ్చేసింది."

"నేను దీన్ని పంతొమ్మిదేళ్ళు చదివానమ్మా. తొమ్మిది నుంచి అరవయ్యారు దాకా. ఎన్నిసార్లో లెక్కలేదు. ఓడ అని ఉంటే, అది మనకు కాదులే అనుకుని ముందుకెళ్ళేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. నవ్వినా తప్పులేదని అతనే అనుకున్నాడు. భోజనాల వేళైంది. ఆమె తన డబ్బా విప్పలేదు. పక్క గదిలోంచి కుర్చీ తెచ్చి అతన్ని కూర్చోబెట్టి, తను తెచ్చుకున్న అరటిపండు సగం విరిచి ఇచ్చింది.

"దేవుడి పుస్తకమైతే ఎక్కడ తెరిచి చదివినా మేలే బాబూ. చట్టం పుస్తకం అలా కాదు. మొదటి పేజీ లేకపోతే అది చట్టం కాదు, కాగితాలు. ఎవరి కోసం వేశారు, ఏ రోజు నుంచి అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత ఏం మార్చారు. ఇవి చూశాకే లోపలికి వెళ్ళాలి."

బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది. దానికి అట్ట ఉంది. అట్ట మీద కట్టుబడి పనివాళ్ళ భద్రతా నిబంధనలని స్పష్టంగా ఉంది. లోపల అక్కడక్కడా తెల్లటి చీటీలు అంటించి ఉన్నాయి. మార్పు వచ్చినప్పుడల్లా ఆమే కత్తిరించి అంటించిందట. పరంజాల భాగంలో ఒక చీటీ కింద పాత వాక్యం, చీటీ మీద కొత్త వాక్యం. ఆరడుగులు దాటిన ప్రతి పరంజాకీ పైన ఒక అడ్డు, నడుమ ఒక అడ్డు, బల్ల అంచున కాలు జారకుండా ఒక పట్టీ ఉండాలి.

బాబాయి ఆ పేజీనీ, మొదటి పేజీనీ తన చేత్తో కాపీ చేసుకున్నాడు. దస్తూరీ బళ్ళో నేర్పినట్టే గుండ్రంగా వచ్చింది.

"ఇది పట్టుకెళ్ళి చూపిస్తానమ్మా. మీరే చెప్పారని చెప్తాను."

"నా మాట మీదా వెళ్ళొద్దు. నేనూ మనిషినే, పొరపడతాను. ఒక అర్జీ రాసివ్వండి, మా నిబంధన ఏమిటో తెలపమని. ఇన్‌స్పెక్టరుగారు సంతకం, సీలు వేసి జవాబిస్తారు. శుక్రవారం రండి."

శుక్రవారం వెళితే ఇన్‌స్పెక్టరు తనిఖీకి వెళ్ళాడు. ఆ తర్వాతి శుక్రవారం సీలు పాడైంది. మూడో శుక్రవారం కాగితం చేతికొచ్చింది. ఆ సోమవారమే గోరింక పనిలోకి దిగేది.

కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకుంటే జేబు కొత్తగా అనిపించింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, బావమరిది మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. మూడు వారాలుగా రేపు రేపంటూ దాటేసిన మాట ఇవాళ చెప్పక తప్పదు.

"ఒరేయ్, నీకొక మాట చెప్పాలి. ఆ పుస్తకం మనది కాదు. ఓడరేవు కూలీలది. అడ్డు అక్కర్లేదన్నది ఓడ బల్లకి. నేనే తప్పు చదివి పెట్టాను. నువ్వు నా మాట నమ్మి ఎక్కావు."

గోరింక పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాసేపు మాట్లాడలేదు. గదిలో గడియారం చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో గడియారం చప్పుడు చేస్తుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"అంటే బావా," అన్నాడు చివరికి, "నేను ఓడమీంచి పడ్డానన్నమాట."

"అవున్రా."

"మరి నీళ్ళేవి బావా?"

"లేవురా. అదే చెప్తున్నాను."

గోరింక నవ్వబోయి, భుజం పట్టేసి, అమ్మో అని మూలిగాడు. మూలుగుతూనే నవ్వాడు. బాబాయికి కళ్ళు చెమర్చాయి. బాబాయి భార్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. తమ్ముడి వంకా మొగుడి వంకా చూసింది. తిడుతుందేమోనని ఇద్దరూ ఎదురు చూశారు. ఆమె కంచాలు పెట్టింది.

"ఇంట్లో చెప్పారు, బాగానే ఉంది" అంది వడ్డిస్తూ. "సోమవారం అక్కడ అందరి ముందూ చెప్పండి. వాళ్ళకీ అక్కలుంటారు."

ఆదివారమంతా బాబాయి ఇల్లు కదల్లేదు. పంతొమ్మిదేళ్ళ పరువు మరి. అతనికి పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా, బాబాయి చెప్పాడంటే పుస్తకంలో ఉన్నట్టే అన్న మాట. దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ కోరుకోలేదు. కోరుకుంటే ధైర్యమే కోరుకోవాలి, అది ఇచ్చేస్తే వెళ్ళి చెప్పక తప్పదు.

అడక్కుండానే ఇచ్చినట్టున్నాడు. సోమవారం పొద్దున అందరూ నిలబడ్డాక, కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం తెరవకుండానే జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇటుకలు మోసే పెద్దామె అడిగింది. "అయితే బాబాయ్, ఆ ట్యూబు?"

"ఓడరేవుదే అమ్మా."

"అదేలే. ఎప్పుడూ ఎవరూ మునగకపోతేనూ, ఇదెందుకా అనుకున్నా" అంది ఆమె.

కాంట్రాక్టరు వెనక నుంచి ముందుకొచ్చాడు. బాబాయి చాచిన కాగితం తీసుకోలేదు. "పంతొమ్మిదేళ్ళు తప్పు చదివానని మీ నోటితో మీరే చెప్పారు. ఇవాళ ఒప్పు చదువుతున్నారని ఏంటి నమ్మకం?"

అది న్యాయమైన ప్రశ్నే. బాబాయి కూడా అలాగే అనుకున్నాడు.

"నన్ను నమ్మొద్దు బాబూ. ఇక నుంచి ఎవరూ నమ్మొద్దు. మీరే చదవండి. ఎవరి కోసం అన్నది పైన ఉంది. తారీఖు ఉంది. సీలు ఉంది. అనుమానమైతే కింద ఫోను నంబరు ఉంది."

కాంట్రాక్టరు అందరి ముందే ఫోను కలిపాడు. అవతల గుమాస్తామ్మ గొంతు. అతను నిబంధన అడిగాడు. ఆమె తాపీగా మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆరడుగుల దగ్గరికి వచ్చేసరికి అతని మొహం వాడింది. "సరేనమ్మా, సరే" అన్నాడు. "ఇంతకీ మీ పని ఎక్కడ జరుగుతోందండీ? రాసుకుంటాను" అంది ఆమె. ఎవరు ఏది అడిగినా రాసుకోవడం ఆమె ఉద్యోగం.

కాంట్రాక్టరు ఫోను కట్టేసి, కాసేపు దాని వంక చూసి, ఎవరి వంకా చూడకుండా కేకేశాడు. "కర్రలు దింపించండి! ఉత్తరం గోడకి అడ్డు కట్టందే ఎవరూ ఎక్కకండి."

మధ్యాహ్నం దాకా పని ఆగింది. తాపీవాళ్ళు తాపీలు పక్కన పెట్టి కర్రలు మోశారు. ఆడవాళ్ళు తాళ్ళు అందించారు. పొద్దున విన్నది విన్నట్టే ఉంది, అయినా ఎవరూ బాబాయిని పిలిచే పిలుపు మార్చలేదు. పైన ఒక వరస, నడుమ ఒక వరస, బల్ల అంచున పట్టీ. ముడులన్నీ బాబాయే వేశాడు. వేసిన ప్రతి ముడినీ పట్టుకుని ఒళ్ళంతా వాల్చి ఊగి చూశాడు.

భోజనాలయ్యాక గోరింక ఎక్కాడు. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు, నోరు మాత్రం ఎప్పుడో కోలుకుంది. గోడకి ఒక చెయ్యి ప్లాస్టరు వేసి, ఎలా వచ్చిందో చూసుకుందామని అలవాటుగా ఒకడుగు వెనక్కి వేశాడు. నడుము అడ్డుకర్రకి తగిలింది.

"బావా! ఇది నడుముకి గుచ్చుకుంటోంది!"

బాబాయి కిందనుంచి తల పైకెత్తి చూశాడు.

"గుచ్చుకోవాలిరా."

"గోడ సరిగ్గా కనపడట్లేదు బావా. దీనివల్ల పని వంకర పోతే నా పూచీ లేదు. ముందే చెప్తున్నా. అందరూ వినండి..."

అతను సాయంత్రం దాకా అలా అంటూనే ఉన్నాడు. బాబాయి నిచ్చెన మొదట్లో నిలబడి, ఒక్క మాటకీ బదులు చెప్పకుండా, అంతా విన్నాడు.